తెల్ల పొడి గది

ఫ్యాక్టరీ భోజనాల గది,
వానలు మొదలైన వారం

వదినా,

ఫోనుండగా ఈ కాగితాల గోల ఏమిటని అన్నయ్య నవ్వుతాడు. నవ్వనీ. మా మేడ మీది రెండు గదుల ఇంట్లో ఈ గదిలో గుసగుసలాడితే ఆ గదిలో వినిపిస్తుంది. అత్తగారు మంచి మనిషే, కానీ చెవులు మూసుకుని కూర్చోమని ఎలా చెబుతాను? ఫ్యాక్టరీలో చూస్తే గేటు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు. అందుకే మధ్యాహ్నం భోజనాల గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నువ్వు పెళ్ళై మా ఇంటికొచ్చిన కొత్తలో నా నోటికి భయపడి నాకు కందిరీగ అని పేరు పెట్టావు. ఆ కందిరీగ ఇంకా ఎగురుతూనే ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం.

నాకు పని మారింది. ఇన్నాళ్ళూ క్రీము డబ్బాలకు మూతలు బిగించేదాన్ని కదా, ఇప్పుడు పొడి గదికి పెద్దని. ఎండకు మొహం కమిలిపోకుండా క్రీము రాసుకుంటారే, అందులో కలిపే టైటానియం పొడి. బస్తా విప్పి, గరిటెతో తీసి, తూచి, కలిపే యంత్రంలో పోయాలి. పాలకన్నా తెలుపు. పిండైనా చేతికి తగులుతుంది, ఇది తగిలినట్టే ఉండదు. గరిటె ఎత్తితే పొగలా లేస్తుంది, కాసేపటికి ఎటు పోయిందో తెలియదు. సాయంత్రం ముక్కు చీదితే చేతిరుమాలుకు సున్నం వేసినట్టుంటుంది. నవ్వకు.

తూకం తప్పని మనిషి ఈమేనని మా సూపర్‌వైజర్ నలుగురిలో అన్నాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ వాచీ చూసుకుంటాడని ఆయనకు గడియారం అని పేరు పెట్టాను. గడియారం ఒకరిని మెచ్చుకోవడమంటే మాటలు కాదు.

ఇంకో సంగతి నీకొక్కదానికే. పోయినేడు నాకు కడుపు నిలవకుండా పోయాక, ఎక్కడికెళ్ళినా జనం చూపు ముందు నా మొహం మీద పడి, మెల్లగా కిందికి జారేది. పొడి గదిలో తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగు వేసుకుంటాం. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. అక్కడ నన్నెవరూ అలా చూడలేరు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అన్నయ్యను అడిగానని చెప్పు. నీ ఎలుకలను కూడా.

నీ కందిరీగ


ఎలుకల గది, పరిశోధనాలయం వెనక భవనం,
నెలాఖరు

కందిరీగా,

మీ అన్నయ్య ముందు నవ్వాడు, తర్వాత నా భుజం మీద నుంచి వంగి రెండుసార్లు చదివాడు. నాకొక్కదానికే అన్న చోట అరచెయ్యి అడ్డం పెట్టానులే, చూడలేదు. పశువుల డాక్టరు చదువు చదివి ఎలుకలకు ఆయాగా కుదిరిందని నన్ను ఏడిపించడం ఆయన మానలేదు. పొద్దున్నే పంజరాలు కడిగించి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసి, కడుపుతో ఉన్నవాళ్ళను వేరు చేసేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది. తోక మాట ఎలుకల దగ్గర అనకూడదనుకో.

పొడి గదికి పెద్దవయ్యావంటే సంతోషమే. ఒకటి రెండు అడుగుతాను, విసుక్కోకుండా చెప్పు. ముక్కుకు ఏం కట్టుకుంటారు? గాలిని బయటికి లాగే ఫ్యాను ఉందా, ఉంటే తిరుగుతోందా? ఆ తొడుగు అక్కడే విప్పేస్తావా, ఇంటికి తెస్తావా? ఊరికే అడుగుతున్నాను. ఈ మధ్య మా పెద్దాయన, అంటే మా ప్రొఫెసరు, గాలిలో తేలే సన్న పొడుల మీద పని చేయిస్తున్నారు. నా బుర్ర నిండా అవే.

వెంటనే రాయి.

వదిన


భోజనాల గది,
ముసురు పట్టిన రోజు

వదినా,

పరీక్షలో ప్రశ్నల్లా అడిగావు. జవాబులు రాసుకో. ముక్కుకు గుడ్డ మాస్కు కడతాం, ఉతికి మళ్ళీ అదే. ఫ్యాను ఉంది, కానీ వేయరు. వేస్తే పొడి ఎగిరి తూకం తప్పుతుందని గడియారం స్విచ్చికి టేపు అంటించాడు. తొడుగు ఇంటికే తెస్తాను. అత్తగారు బాల్కనీలో దులిపి, నానబెట్టి, చేత్తో ఉతుకుతుంది. మెషీన్లో వేస్తే తెలుపు పోతుందట. వద్దన్నా వినదు.

ఇక ఇది విను. నాకు నెల తప్పింది.

రాసి మళ్ళీ చదువుకున్నాను. నిజమే. మా ఆయనకు చెబితే, లిఫ్టులు బాగు చేసే మనిషి కదా, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత వెళ్ళి వంటింట్లో ఒక్కడే ఏడ్చాడు. అత్తగారికి ఇంకా చెప్పలేదు. పోయినసారి చెప్పిన వారానికే పోయింది, అందుకని నోరు రావడం లేదు.

వదినా, ఈసారి నిలుస్తుంది కదూ?

కందిరీగ


మన ఇల్లు,
నీ ఉత్తరం అందిన రోజే

అమ్మాయీ,

మీ అన్నయ్య ఎగిరి గంతేసి మంచం కోడుకు కాలు కొట్టుకున్నాడు. నేనూ సంతోషించాను. ఆ సంతోషం మీదే ఇది రాస్తున్నానని గుర్తుంచుకుని చదువు.

నువ్వు ఆ గదిలో ఉండకూడదు.

మేం ఇక్కడ కడుపుతో ఉన్న ఎలుకల చేత పీల్పిస్తున్నది నీ తెల్ల పొడి లాంటిదే. ఆ రేణువు ఎంత చిన్నదంటే ఊపిరితిత్తుల్లోంచి కొంత నెత్తుట్లోకి జారిపోతుంది. నెత్తురు వెళ్ళే చోటికల్లా వెళుతుంది. మాయలో కూడా కనిపించింది. తల్లి నుంచి బిడ్డకు తిండీ గాలీ అందించేది ఆ మాయే కదా, అది మా ఎలుకల్లో చిన్నదైపోయింది. పిల్లలు తక్కువ పుట్టాయి, పుట్టినవి బక్కగా ఉన్నాయి. కొన్నిటికి కడుపే నిలవలేదు. అండాశయాల్లోనూ తేడా కనిపించింది.

ఎలుక మనిషి కాదు. మేం ఇచ్చినంత నువ్వు పీలుస్తున్నావో లేదో నాకు తెలియదు. క్రీముగా కలిసిపోయాక మాట వేరు, పొడిగా గాలిలోకి లేచినప్పుడే నా భయం. తొందరపడి ఏదీ తేల్చకూడదని మా పెద్దాయన అంటారు. నిజాయితీ గల మనిషి, ఆయన చెప్పేది సబబే. కానీ ఆయన మరదలు ఆ గదిలో లేదు.

రేపే అడిగి పని మార్చుకో. మూతలో, లేబుళ్ళో, ఏదైనా సరే. తొడుగు ఇంటికి తేవద్దు, మీ అత్తగారిని దులపనివ్వద్దు.

వదిన


మేడ మీది ఇల్లు,
వానలు తగ్గాక

వదినా,

చదివి నలిపి పారేశాను. మళ్ళీ తీసి విప్పాను.

నెల తప్పిందని రాస్తే నువ్వు ఎలుకల కథ రాశావు. నన్నూ ఒక పంజరంలో కూర్చోబెట్టి, తిన్నానా లేదా అని చూస్తున్నట్టుంది. పోయినేడు పోయింది కూడా దీనివల్లేనా? అప్పుడు నేను మూతలు బిగిస్తున్నాను, పొడి మొహం కూడా చూడలేదు. దానికేమంటావు? మా గదిలో అందరికన్నా పెద్దావిడ ముగ్గురిని కంది. అందరూ రాళ్ళలా ఉన్నారు.

ఇది చదివి ఏడుస్తావని తెలుసు. ఏడవకు. సరే, గడియారంతో మాట్లాడాను. లేబుళ్ళ వైపు వేశాడు. ఇక సంతోషమేనా?

కందిరీగ


మన ఇల్లు,
చలి మొదలవుతుండగా

నా బంగారు కందిరీగా,

కుడితే కుట్టావు. మారావు, అది చాలు. ఈ మాట చదివాక ఇంట్లో పాటలు పాడుతున్నానట, మీ అన్నయ్య పక్కింటివాళ్ళకు క్షమాపణ చెప్పి వచ్చాడు.

మీ అత్తగారికి చెప్పావని, నువ్వు పని నుంచి వచ్చాక ఆవిడ నిన్ను మంచం దిగనివ్వడం లేదని నీ చిన్న ఉత్తరంలో చూశాను. మేం ఇక్కడ పేర్ల మీద కొట్టుకు చస్తున్నాం. ఆయన పెట్టే పేర్లన్నీ ఆడపిల్లవే. మగపిల్లాడైతే ఏం చేస్తావంటే, వాడికి పేరు వాడే పెట్టుకుంటాడు అన్నాడు.

ఒక్కటి అడుగుతాను. లేబుళ్ళ సంగతులు ఒక్కటీ రాయడం లేదేమిటి? అక్కడ ఎవరికీ పేర్లు పెట్టలేదా? నువ్వు ఒక చోట ఇన్నాళ్ళుండి ఎవరికీ పేరు పెట్టకపోవడం నాకు కొత్తగా ఉంది.

వదిన


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
కిటికీ వైపు మంచం

వదినా,

లేబుళ్ళ వాళ్ళకు పేర్లు పెట్టలేదేమని అడిగావు. అక్కడికి వెళితే కదా పెట్టడానికి.

అడిగాను, అది అబద్ధం కాదు. లేబుళ్ళ దగ్గర చోటు లేదన్నాడు గడియారం. ఎందుకు మారాలంటున్నావని అడిగితే చెప్పాల్సి వచ్చింది. అయితే ఇంటికెళ్ళిపో, కాన్పయ్యాక ఖాళీ ఉంటే చూద్దాం అన్నాడు. వాచీ చూసుకుంటూనే అన్నాడు. అప్పుడు నేను నవ్వేసి, ఊరికే అన్నాను సార్, ఇంకా ఏమీ లేదు అని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాను.

ఎందుకు వెళ్ళావని నువ్వు అడగకముందే చెబుతాను. ఇంట్లో కూర్చుంటే మళ్ళీ ఆ చూపులే. ఆ గదిలో నా పనికి విలువుంది. మాస్కు కింద ఇంకో గుడ్డ మడత పెట్టి కట్టుకున్నాను, అది చాలనుకున్నాను. వదులు తొడుగు కదా, కడుపు పెరుగుతుంటే నాకూ బిడ్డకూ మాత్రమే తెలిసిన ముచ్చటలా ఉండేది. తూకం వేస్తూ దాంతో మాట్లాడేదాన్ని.

ఇప్పుడు స్కానింగులో బిడ్డ ఎదగడం లేదంటున్నారు. నెలలకు తగ్గ బరువు లేదు. మాయలోంచి నెత్తురు సరిగ్గా అందడం లేదట. ఆ డాక్టరమ్మ నోట మాయ అన్న మాట విన్నాను. నీ ఉత్తరంలో చదివిన మాటే. ఏం పని చేస్తావని ఆవిడ అడిగింది. క్రీముల ఫ్యాక్టరీ అన్నాను. ఊఁ అని, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. పొడి సంగతి నేనైనా చెప్పాల్సింది.

ఇంకొన్నాళ్ళు చూసి, ముందే తీసేయాల్సి రావచ్చన్నారు.

నువ్వు రావద్దు. నీ మొహం చూడలేను.

కాదు. రా.


మన ఇల్లు,
నీ దగ్గర్నుంచి తిరిగొచ్చాక

అమ్మాయీ,

సెలవు దొరికిన పూటే బయల్దేరాను. అయినా నేను వార్డు గుమ్మంలో అడుగు పెట్టేసరికి అంతా అయిపోయింది. మీ ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి నిలబడి, ఏదో మర్యాద చేయాలన్నట్టు నా చేతిలో సంచీ అందుకున్నాడు. మీ అత్తగారే చెప్పింది, ఆడపిల్ల అని, ఒక పగలూ ఒక రాత్రీ ఉందని.

నీ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నన్ని రోజులూ నువ్వు గోడవైపే తిరిగి పడుకున్నావు. నీ వీపు మీద చెయ్యి వేస్తే తీసేయలేదు, అదే పదివేలనుకున్నాను. తప్పు పట్టడానికి రాయడం లేదు. నీకు మాట్లాడాలనిపించినప్పుడు ఇక్కడ ఒక మనిషి ఉందని చెప్పడానికే రాస్తున్నాను.

మీ అన్నయ్య పేర్ల సంగతి ఎత్తడం లేదు. నిన్న కూరగాయలు తరుగుతూ, ఉన్నట్టుండి కత్తి పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

వదిన


మేడ మీది ఇల్లు

ఒక్క మాటే అడుగుతాను. నువ్వు చదువుకున్నదానివి, తల్లి ఎలుకలను కోసి చూసినదానివి. మెత్తగా చెప్పకు.

ఆ పొడి వల్లేనా? నేనే చంపుకున్నానా?


మన ఇల్లు,
ఎండలు ముదురుతున్న రోజులు

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడం, చింపడం, ఇదే పని. మెత్తగా చెప్పకన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ పొడి వల్లేనా అంటే, చెప్పలేను. నేనే కాదు, మా పెద్దాయనా చెప్పలేరు, నీ డాక్టరమ్మా చెప్పలేదు. ఒక తల్లిని చూపించి ఈమెకు ఇందువల్లే ఇలా జరిగింది అని తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. పొడి మొహం చూడని తల్లులకూ ఇలా జరుగుతుంది. ఆ గదిలో ఉండీ బిడ్డను ఎత్తుకున్నవాళ్ళు ఉంటారు. అయినా ఆ గాలి మంచిది కాదని నేను నమ్ముతున్నాను. ఈ రెండూ నిజాలే. వీటి మధ్య ఎలా బతకాలో నాకూ తెలియదు.

నువ్వే చంపుకున్నావా అంటే, కాదు. ఇది మాత్రం తేల్చి చెబుతున్నాను. ఫ్యానుకు టేపు అంటించింది నువ్వు కాదు. సరైన మాస్కు ఇవ్వకుండా గుడ్డ ముక్క ఇచ్చింది నువ్వు కాదు. కడుపుతో ఉన్న మనిషికి పని మార్చాలా, ఇంటికి పంపాలా అన్నచోట ఇంటికి పంపడమే తేలికనుకున్నది నువ్వు కాదు. నువ్వు ఊపిరి పీల్చావు. అంతే చేశావు.

నాకూ మీ అన్నయ్యకూ పిల్లలెందుకు లేరో ఏ డాక్టరూ చెప్పలేదు. అన్నీ బాగానే ఉన్నాయనేవాళ్ళు. కారణం దొరకని ఆడది వెతికి వెతికి చివరికి తన దగ్గరికే వచ్చి ఆగుతుంది. నేను ఎన్నేళ్ళు అక్కడే ఆగిపోయానో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు అక్కడికి వెళ్ళకు. వెళ్ళినా ఉండిపోకు.

మా పెద్దాయనకు నీ గది సంగతి చెప్పాను. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకు తన పేరుతో రాస్తానన్నారు. నీకు ఇష్టమైతేనే. నీ పేరు అందులో రాదు.

ఇంకొకటి. నేను వచ్చేసరికి పాపను తీసుకెళ్ళిపోయారు. నేను చూడలేదు. మీ అత్తగారిని అడగబోయి ఆగాను, మీ అన్నయ్య నన్ను అడగబోయి ఆగాడు. అందరం నీకు బాధ కలుగుతుందని నోరు మూసుకున్నాం. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పాలనిపిస్తేనే చెప్పు.

మన పాప ఎలా ఉండేది?

వదిన


మేడ మీది ఇల్లు, బాల్కనీ,
సాయంత్రం

వదినా,

పెద్దాయనను రాయమను. నా పేరు వచ్చినా ఫర్వాలేదు.

నిన్న ఫ్యాక్టరీకి వెళ్ళాను. నా చెప్పులూ టిఫిను డబ్బా అక్కడే ఉండిపోయాయి, అవి తెచ్చుకుందామని. నా చోట ఒక రింగుల జుట్టు పిల్లను పెట్టారు. భోజనాల గదిలో నా పక్కన కూర్చుంది కానీ తినడం లేదు, అన్నం వాసనకే మొహం తిప్పుకుంటోంది. నాకు అర్థమైపోయింది.

"ఎన్నో నెల?" అన్నాను.

పిల్ల బిక్కచచ్చిపోయింది. "ఎవరికీ చెప్పకక్కా. ఇంటికి పంపేస్తారు."

అప్పుడు చెప్పాను వదినా. అంతా. నీ ఎలుకలూ, మాయా, ఎదగని బిడ్డా. నువ్వు రాసినట్టే, తేల్చి చెప్పలేమన్న మాట కూడా చెప్పాను. ఆ పిల్లకు మెల్లగానే చెబుతున్నాననుకున్నాను కానీ నా గొంతు నీకు తెలుసుగా, గదంతా చేతులు ఆపేసింది. ముగ్గురిని కన్న పెద్దావిడ లేచి వచ్చి, "నాకు మొదట్లో రెండు పోయాయమ్మా, ఆ మాట ఎవరితోనూ అనలేదు" అంది. తర్వాత ఇంకొకామె నోరు విప్పింది. అవన్నీ పొడి వల్లేనా అంటే నాకు తెలియదు. కానీ ఇన్నేళ్ళూ ఒకే బల్ల మీద తింటూ, ఎవరి బాధ వాళ్ళు తొడుగు కింద దాచుకుని తిరిగారు.

గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గడియారం వచ్చాడు. ఫ్యాను తిరగనిదే, సరైన మాస్కులు రానిదే లోపలికి వెళ్ళేది లేదని పెద్దావిడ చెప్పింది. కేకలేస్తాడనుకున్నాం. నా వైపు చూశాడు, నా కడుపు వైపు చూశాడు, వాచీ మాత్రం చూసుకోలేదు. "పైవాళ్ళతో మాట్లాడతాను" అని వెళ్ళిపోయాడు. ఈ రోజుకు ఆ గదికి తాళం వేశారని రింగుల జుట్టు పిల్ల కబురు పంపింది. తనను మూతల వైపు పంపారట. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. నన్ను మళ్ళీ రమ్మంటారని నేననుకోను.

బయటికొచ్చాక బస్టాపులో కూర్చుని ఏడ్చాను. ఆసుపత్రిలో రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఆ పిల్లకు చెప్పినట్టు నాకు నేను చెప్పుకుని ఉంటే అని. నువ్వు వెళ్ళొద్దన్న చోటికే వెళ్ళాను వదినా. ఇప్పటికి లేచి వచ్చాను. మళ్ళీ వెళతానేమో.

పాప ఎలా ఉండేదని అడిగావు. ఎవరూ అడగలేదు. మళ్ళీ పుడతారులే అంటున్నారు అందరూ. ఎవరైనా అడిగితే చెబుదామని అన్నీ దాచుకుని కూర్చున్నాను. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

చాలా చిన్నది. గాజుపెట్టెలో పెట్టారు. భుజాల మీద నూగులాంటి జుట్టు. రంగు మా ఆయనది. అన్నయ్య పేపరు చదివేటప్పుడు నుదురు ముడేస్తాడే, అచ్చం అలాగే ముడేసింది, మేమంతా ఏదో తప్పు చేసినట్టు. అత్తగారు గాజు మీద చెయ్యి పెట్టి, "మీ అమ్మ నోరు వచ్చిందేమో నీకు" అంటే మూతి ఒక పక్కకు తిప్పింది. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు మేం నవ్వాం వదినా, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆవులించింది కూడా. అంత చిన్న నోరు, ఎంత పెద్ద ఆవులింతో.

కుడి చెవి కొంచెం లోపలికి మడతపడి ఉంది. నేను కంగారు పడితే, పెరిగే కొద్దీ అదే సర్దుకుంటుందని నర్సు చెప్పింది.